ముందే చెప్పిన పిల్ల

2024 జూన్ 24, సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై రెండు నిమిషాలు. ఆఫీసులో నా బల్ల మీది ఫోన్ మోగింది. చేసింది మా అమ్మాయి శ్రావ్య క్లాస్ టీచరు.

"మేడం, పాపకు పెదాలు వాచాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. వెంటనే రండి," అన్నారు. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "పాప ముందే చెప్పిందండి," అన్నారు.

"ఏం చెప్పింది?"

"గ్రౌండ్ నుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, 'మేడం, నాకేదో అవబోతోంది' అంది. అప్పటికి ఒంటి మీద ఏమీ లేదు. చేతులు తిప్పి చూశాను, నుదురు ముట్టి చూశాను. ఆడుకోవడం ఇష్టంలేక అంటోందనుకుని కూర్చోమన్నాను. ఐదు నిమిషాలకు మొదలైంది."

నేను రైల్వే కార్యాలయంలో, రైళ్ల వేళలు సరిచూసే విభాగంలో పనిచేస్తాను. ఏ బండి ఏ స్టేషనుకు ఎన్నింటికి చేరాలో, ఎన్ని నిమిషాలు ఆగాలో సరిపోల్చడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఏ సంఘటనకైనా ఒక వేళ ఉంటుందనీ, వేళ తెలిస్తే కారణం అందుతుందనీ నా నమ్మకం. ఆ నమ్మకం తొలిసారి కదిలింది ఆ మాట దగ్గరే. రోగం ఒంటిగంటా నలభైకి వస్తే, దాని కబురు అంతకు ఐదు నిమిషాల ముందు ఎలా వచ్చింది?

బడికి చేరేసరికి శ్రావ్య వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. పదకొండేళ్ల పిల్ల, ఆరో తరగతి. నేను ఆమెను యూనిఫాం చూసి, పాదాలు చూసి గుర్తుపట్టాను. ముఖం మాత్రం మా ఇంటిది కాదు. కళ్లు రెండు గీతలయ్యాయి, పెదవులు బయటికి మడత పడ్డాయి. ఆ ముఖంలోంచి మా అమ్మాయి గొంతు, కాస్త బొంగురుగా, "అమ్మా, ఇంటికెళ్దాం," అంది.

మేముండే కార్ఖానా ప్రాంతంలో, ఇంటి దగ్గరి డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చి, మాత్రలు రాసి, తిన్నది ఏదో పడలేదన్నారు. సాయంత్రానికి వాపు దిగిపోయింది. దీపాలు పెట్టే వేళకు పిల్ల మామూలుగా హోంవర్కు చేసుకుంటోంది. ఎవరో వచ్చి, మా అమ్మాయి ముఖాన్ని కాసేపు వాడుకుని, తిరిగి ఇచ్చి వెళ్లినట్టుంది.

ఆ రోజు డబ్బాలో చపాతీలు, పల్లీలు వేసిన టమాటా పచ్చడి. పల్లీల మీద అనుమానం పడింది. మర్నాటి నుంచి మా ఇంట్లో పల్లీ లేదు.

రెండోసారి జూలై 11, గురువారం. పల్లీ జాడ లేని డబ్బా అది. చపాతీలు, కోడిగుడ్డు పొరటు. మళ్లీ టీచరుగారి దగ్గరికి వెళ్లింది, మళ్లీ అదే మాట అంది. ఈసారి ఆమె పిల్లను కూర్చోబెట్టి, గడియారం చూస్తూ ఎదురుచూశారట. "చూస్తుండగానే లేచాయండి. నాకు ఒళ్లు జలదరించింది," అన్నారు. మొదటి ఫోన్‌లో ఆమె గొంతులో నాకు అంతుపట్టనిది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆమె రోగానికి భయపడలేదు, పిల్లకు భయపడ్డారు.

మా ఇంట్లో ఉండేది నలుగురం. మావారికి మోండా మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. మా అత్తగారు తెనాలి వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చినా, వంటలోనూ మాటలోనూ ఆ ఊరు వదల్లేదు.

"ఒంట్లో దురదుంటే వంకాయ, గోంగూర విషంతో సమానం. మానిపించమని చెబితే విన్నారా?" అన్నారు అత్తగారు.

"ఆ రెండు రోజులూ వంకాయ లేదత్తయ్యా."

"ముందు రోజు ఉందిగా. వంకాయ ఊరుకుంటుందా, అదను చూసి లేస్తుంది."

వంకాయ పోయింది. గోంగూర పోయింది. గుడ్డు, జీడిపప్పు, రొయ్యలు, రంగువేసిన మిఠాయిలు వరసగా పోయాయి. పిల్ల తిన్న ప్రతి పదార్థాన్నీ ముద్దాయిలా నిలబెట్టి విచారించాను. గోధుమనూ వదల్లేదు. రెండుసార్లూ డబ్బాలో చపాతీ ఉంది కదా. కానీ గోధుమకు బలమైన సాక్ష్యం ఉంది. మా ఇంట్లో శనివారం రాత్రి అన్నం తినరు. వెంకటేశ్వరస్వామి పేరు మీద ఒంటిపూట. రాత్రికి చపాతీయో, గోధుమరవ్వ ఉప్మానో ఫలహారం. శ్రావ్యకు పళ్లు వచ్చిన దగ్గర్నుంచి ఇదే నియమం. ఇన్నేళ్లలో ఏ శనివారం రాత్రీ ఆమెకు చిన్న దద్దురు కూడా లేవలేదు. బడిలో కూడా చపాతీ తిని క్షేమంగా వచ్చిన రోజులు ఉన్నాయి. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? గోధుమ పేరు మీద గీత కొట్టేశాను. కొట్టేయడమే కాదు, అందులో దోషం లేదని తేల్చి, వారానికి నాలుగు రోజులు చపాతీ, ఆలుగడ్డ కూర కట్టడం మొదలుపెట్టాను. మాకు తెలిసిన అతి క్షేమమైన డబ్బా అదే.

ఆదివారాలు పరీక్షలు పెట్టేవాళ్లం. డాక్టరుగారు వద్దనలేదు, పెట్టమనీ అనలేదు. మానిపించిన వాటిలో ఒకదాన్ని కొద్దిగా వడ్డించి, పిల్లను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, ముగ్గురం ఎదురుగా కూర్చునేవాళ్లం. ఫ్యాను తిరుగుతూ ఉండేది. ఆమె ముద్ద మింగితే మా మూడు గొంతులూ కదిలేవి. ఇలా ఎవరూ చేయకూడదని తర్వాత తెలిసింది. ఏదైనా జరిగి ఉంటే ఆపడానికి మా దగ్గర ఏమీ లేదు.

ఒక ఆదివారం శ్రావ్య ప్లేటు పక్కన పెట్టి, "మీరంతా నన్ను అలా చూడకండి. నేను టీవీనా?" అంది. మావారు నవ్వబోయి ఆగిపోయారు. అయినా చూపు మరల్చలేకపోయాం.

ఇంట్లో ఏది పెట్టినా ఏమీ అయ్యేది కాదు. పల్లీ పెట్టాం, ఏమీ కాలేదు. గుడ్డు పెట్టాం, ఏమీ కాలేదు. బడిలో రెండుసార్లు ముఖం మార్చేసిన అదే డబ్బాను, అదే కూరతో, అదే పిండితో ఇంట్లో తినిపించాం. పిల్ల తిని, నీళ్లు తాగి, పాఠం చదువుకుంది. బడిలో విషమైనది ఇంట్లో అన్నమవుతోంది.

జూలై నెలాఖరున బడివాళ్లు పిలిచారు. పక్క పిల్లల డబ్బాల్లోంచి ఏదో ఆమెకు తగులుతోందని వాళ్ల అభిప్రాయం. మంచి మనసుతోనే ఒక ఏర్పాటు చేశారు. భోజనాల వేళ శ్రావ్య ఒక్కతే, పాత భవనం మూడో అంతస్తు చివరి గదిలో తింటుంది. ఆయా బాలమణి తలుపు దగ్గర కాపలా ఉంటుంది. మాత్రలు టీచరు దగ్గర ఉంటాయి. నేను చేతులెత్తి నమస్కారం పెట్టి వచ్చాను.

ఆ గది చూశాను. వార్షికోత్సవం సామాన్లు దాచే గది అది. అట్టచెట్లు, బంగారు కాగితం అంటించిన సింహాసనం, గోడకు ఆనించిన అద్దం. ఒక మూల బీరువా మీద, ఏదో నాటకంలో యముడి వాహనం కోసం చేసిన దున్నపోతు తల. దాని కళ్లకు గాజుబిళ్లలు అతికించారు. కిటికీలోంచి వెలుగు పడితే అవి తడిగా కనిపిస్తాయి.

"పరేషాన్ గాకమ్మా," అంది బాలమణి. యాభై ఏళ్లుంటాయి, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. "నేను దర్వాజ కాడనే కూసుంట. బిడ్డ తిన్నంక బెల్లు గొట్టంగనే జల్ది పంపిస్త. మల్ల ఆ క్లాసుకు జెర దూరం గద."

"ఆ బొమ్మ తీసేయరాదా, బాలమణీ?"

"అది పెద్దసారు సొంతంగ జేసిండటమ్మ. నేను బట్ట గప్పుత తియ్."

బట్ట కప్పింది. శ్రావ్య ఆ సాయంత్రం నాతో, "బట్ట కప్పాక ఇంకా బాగా కనిపిస్తోందమ్మా," అంది. "నేను దానికి వీపు పెట్టి తింటాను. అప్పుడు అది తినడం వినిపిస్తుంది."

ఆగస్టు 7, బుధవారం. తర్వాత ఆగస్టు 20, మంగళవారం. ఆ గదిలో, ఎవరి డబ్బా తగలకుండా, నా చేతులతో వండి, నా చేతులతో మూత పెట్టిన చపాతీలు తిన్న తర్వాత. రెండుసార్లూ తరగతి గదిలోకి వచ్చి, బెంచీ పట్టుకుని నిలబడి చెప్పింది. రెండోసారి మాత్రం "అవబోతోంది" అనలేదు. "వచ్చింది మేడం, తలుపు దగ్గరుంది," అంది.

తరగతి అంతా తలుపు వైపు చూసిందట.

పిల్లలు పిల్లలే. మొదట్లో అది వాళ్లకు ఆట. "ఏయ్ శ్రావ్యా, రేపు మాథ్స్ టెస్టు పెడతరా పెట్టరా చెప్పవా?" "నీకన్నీ ముందే తెలుస్తయట గదా, మా డాడీ ట్యాబ్ కొనిస్తడా?" ఈమె కూడా నవ్వుతూ ఏదో ఒకటి చెప్పేది. ఒకసారి టెస్టు లేదంది. లేకపోయింది. ఆ తర్వాత అడగడం మానేశారు. రెండో తరగతి నుంచి పక్కన కూర్చుంటున్న నిఖిత, తల్లి చెప్పిందని, వెనక బెంచీకి మారింది. వెళ్లేముందు, "నా గురించి ఏమీ చెప్పకే, ప్లీజ్," అందట. శ్రావ్య ఈ సంగతి నాకు అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.

బడిలో కౌన్సిలరుగా ఉన్న ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, చాలా మర్యాదగా మాట్లాడారు. "ఇంట్లో ఏమీ అవడం లేదు. బడిలో, అదీ పెద్దవాళ్లకు చెప్పిన తర్వాతే అవుతోంది. కొంతమంది పిల్లలకు అందరూ తమనే గమనించాలని ఉంటుంది. తెలియకుండానే శరీరం కూడా సహకరిస్తుంది. పాప చెప్పినప్పుడు వెంటనే స్పందించకుండా ఉండి చూద్దాం."

మెట్లు దిగుతుంటే మావారు, "ఆవిడ చెప్పినదాంట్లో ఏమైనా ఉందంటావా?" అన్నారు.

"పెదాలు ఎవరైనా కావాలని వాచేలా చేసుకుంటారా?"

"నేనలా అనలేదు. పొద్దస్తమానం నువ్వు రాయడం, అమ్మ దిష్టి తీయడం, నేను ఫోన్ చేయడం. పిల్లకి దీని గురించి తప్ప మరో మాట లేకుండా చేశామేమోనని. నువ్వా పుస్తకం మూసి కాసేపు పిల్లను చూడరాదూ?"

"చూస్తూనే ఉన్నానండీ. చూసిందే రాస్తున్నాను."

అది మా ఇద్దరి మధ్య ఆ నెలలో జరిగిన అతి పెద్ద సంభాషణ. మిగతావన్నీ మందులు, వేళలు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక విచిత్రమైన నిశ్శబ్దం పుట్టింది. శ్రావ్య గదిలోంచి "అమ్మా" అని కొంచెం నెమ్మదిగా పిలిస్తే కుక్కరు దగ్గర నేనూ, పూజగదిలో అత్తగారూ ఒకేసారి ఆగిపోయేవాళ్లం. "రబ్బరు ఎక్కడుంది?" అనేది తను. మేము ఊపిరి వదిలేవాళ్లం. రోగం గురించి కాదు మా భయం, ఆ వాక్యం గురించి. అది పలకకపోతే రోగం రాదేమో అన్నంత దూరం వెళ్లింది మనసు. ఒక ఉదయం అత్తగారు పిల్లకు జడ వేస్తూ, "తల్లీ, ఒంట్లో బాలేకపోతే బాలేదను. ఆ మాట మాత్రం అనకు," అన్నారు.

"అనకపోతే రాదా, నానమ్మా?"

అత్తగారు అల్లిన పాయలు విప్పి మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజు జడ చాలాసేపు వేశారు.

సెప్టెంబరు 11, బుధవారం. వినాయకచవితి మొదలు ఐదో రోజు. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఫోన్ వచ్చింది. ఈసారి చేసింది బాలమణి, టీచరు ఫోన్ నుంచి.

"అమ్మా, బిడ్డ ఏం జెప్పలే. సప్పుడు లేకుంట మెట్ల కాడ కూలవడ్డది."

బడి మా ఆఫీసుకు దగ్గర. నేను ఎక్కి వెళ్లిన ఆటోలోనే పిల్లను ఎక్కించాం. తల నా ఒళ్లో, కాళ్లు బాలమణి ఒళ్లో. పెదవులు నీలంగా ఉన్నాయి. దద్దుర్లు మెడ మీద ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. ఆసుపత్రికి వెళ్లే దారిలో నిమజ్జనానికి పోతున్న ఊరేగింపు ఎదురైంది. ట్రాలీ మీద గణపతి, ముందు డప్పులు, రంగుల్లో మునిగిన కుర్రాళ్లు. ముందుకు సందు లేదు, వెనక్కి సందు లేదు.

ఆటో డ్రైవరు సగం బయటికి వంగి, "భాయ్, పాప సీరియస్. జెర జాగా ఇయ్యుర్రి," అని అరిచాడు.

ముందు వరసలో ఉన్న డప్పతను ఆటోలోకి తొంగి చూశాడు. చేయి పైకెత్తాడు. డప్పులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మైకు ఆగింది. కుర్రాళ్లు రెండు వైపులకూ జరిగి దారి ఇచ్చారు. కొందరు చేతులు జోడించారు. వందమంది నిలబడిన ఆ వీధిలో ఆటో ఇంజను చప్పుడు, దాని కింద మరో చప్పుడు వినిపించాయి. సన్నని ఈల. అది నా బిడ్డ ఊపిరి. డప్పుల మోతలో అది నాకు ఇంతసేపూ వినిపించలేదు. మాకు దయతో ఇచ్చిన ఆ నిశ్శబ్దంలో, రంగు ముఖాల మధ్యనుంచి వెళుతుంటే, ఇది ఏ ఊరేగింపో ఒక్క క్షణం అర్థం కాలేదు. సందు మలుపు తిరిగిన చాలాసేపటి వరకూ వెనక డప్పు మళ్లీ మొదలుకాలేదు.

ఆసుపత్రిలో తొడలో సూదిమందు ఇచ్చారు. కొన్ని నిమిషాలకు ఈల తగ్గింది. బయట వరండాలో ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. మావారు దుకాణం నుంచి వచ్చారు, చెప్పులు రెండు వేరువేరు జతలవి. బాలమణి ఎవరినో అడిగి మూడు టీలు తెచ్చింది. తాగేదాకా ఎదురుగా నిలబడింది. పక్క కుర్చీలో ఎవరి తాలూకో ముసలాయన, మమ్మల్ని ఏమీ అడగకుండా, తన దగ్గరున్న దుప్పటి తీసి నా భుజాల మీద వేశాడు. దాని అంచులు రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాను.

తెలివి వచ్చాక శ్రావ్యను అడిగాను. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే వస్తుందన్నారుగా. చెప్పకుండా ఉండి చూశాను," అంది.

ఆ మాట డైరీలో రాయలేదు. ఇక్కడే రాస్తున్నాను.

ఆసుపత్రి డాక్టర్లు అలర్జీ నిపుణురాలైన ఒకావిడ దగ్గరికి పంపారు. ఆమె దగ్గర మాకు వేళ దొరికింది అక్టోబరు 3, గురువారం, దసరా సెలవుల్లో. అప్పటిదాకా బడికి పంపలేదు. ఆ గదిలో ఎదురుచూస్తున్న తల్లుల చేతుల్లో నా డైరీ లాంటివే పుస్తకాలు. ఒకరినొకరు చూసి తలలు ఊపుకున్నాం. ఒకావిడ, "మీకు దేనిమీద అనుమానం?" అని నెమ్మదిగా అడిగింది. "అన్నింటి మీదా," అన్నాను. "మాదీ అంతే," అని కాస్త జరిగి చోటు ఇచ్చింది.

డాక్టరుగారు నా డైరీ ఓపికగా చదివారు. మెచ్చుకున్నారు కూడా. తర్వాత పుస్తకం మూసి శ్రావ్య వైపు తిరిగారు.

"ఇందులో నువ్వు ఏం తిన్నావో అంతా ఉంది. తిన్నాక ఏం చేశావో లేదు. ఏం చేసేదానివమ్మా?"

"పరుగెత్తేదాన్నండీ."

"ఎప్పుడు?"

"మొదట్లో తినగానే పీటీ ఉండేది, సోమ, గురువారాల్లో. తర్వాత పై గదిలోంచి. బెల్లు కొట్టాక ఆలస్యమైతే మూడు అంతస్తులు దిగి, గ్రౌండ్ దాటి అటువైపు క్లాసుకు పరుగెత్తాలి. ఆలస్యం కాకపోయినా పరుగెత్తేదాన్ని." కాస్త ఆగి, "ఆ గదిలో ఒక దున్నపోతు తల ఉంది," అంది.

నేను వెంటనే చెప్పాల్సింది చెప్పాను. చపాతీ అయితే కాదండీ, మా ఇంట్లో ప్రతి శనివారం రాత్రి తింటుంది, ఏనాడూ ఏమీ కాలేదు అని.

"శనివారం రాత్రి తిన్నాక ఏం చేస్తుంది?"

దీనికి అత్తగారు సమాధానం చెప్పారు, కాస్త గర్వంగానే. "కదలనివ్వనండీ. తిన్నాక గెంతితే తిన్నది ఒంటబట్టదు. గంటసేపు నా పక్కన కూర్చోబెట్టుకుని కథో, స్తోత్రమో చెబుతాను. నా పిల్లల్నీ అలాగే పెంచాను. మా ఇంట్లో ఏ పూటైనా అంతే."

డాక్టరుగారు కలం కింద పెట్టారు. కొందరికి గోధుమ తింటే ఏమీ కాదనీ, పరుగెత్తితే ఏమీ కాదనీ, తిని పరుగెత్తితేనే ఒళ్లు తిరగబడుతుందనీ చెప్పారు. అరుదే, కానీ ఉంది. రక్తపరీక్ష చేయాలి, ఆ తర్వాత ఆసుపత్రిలో అన్నీ సిద్ధంగా పెట్టుకుని మరో పరీక్ష చేయాలి. అంతవరకు గోధుమ వద్దు, తిన్నాక పరుగు వద్దు.

పిల్లను కాపాడటానికి బడివాళ్లు ఆమెను అంత ఎత్తున, అంత దూరంగా కూర్చోబెట్టారు. కాపాడటానికే నేను చపాతీలు కట్టాను. తరగతికి ఆలస్యమై మాట పడకూడదని బాలమణి ప్రేమతో "ఉరుకు బిడ్డా" అంది. అందరి జాగ్రత్తలూ కలిసి ఆమెను మెట్ల మీదికి తరిమాయి.

బయటికి వచ్చాక అత్తగారు మెట్ల దగ్గర నిలబడిపోయారు. "అంటే ప్రతి శనివారం నేను పెట్టింది విషమూ, పక్కన కూర్చుని కాచిందీ నేనేనా?" అన్నారు. ఎవరినీ ఉద్దేశించి కాదు. ఆమె చేయి పట్టుకుని మెట్లు దింపాను. చేయి చల్లగా ఉంది.

నవంబరు 12, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. రక్తపరీక్షలో గోధుమ పేరు వచ్చింది. ఇక మిగిలింది రెండో పరీక్ష. ఆసుపత్రి గదిలో శ్రావ్యకు గోధుమరొట్టె పెట్టి, కాసేపటికి ట్రెడ్‌మిల్ మీద ఎక్కించారు. చేతికి గొట్టం అమర్చి ఉంది, పక్కన ట్రేలో సూది నింపి ఉంది, ఇద్దరు నర్సులు, డాక్టరుగారు. ఇది ఇంట్లో ఎవరూ తలపెట్టకూడని పని. నన్ను గోడ దగ్గర నిలబెట్టారు.

పిల్ల పరుగెత్తుతోంది. ఎక్కడికీ చేరని పరుగు. ఎదురుగా తెల్లగోడ. పట్టా చప్పుడు, బూట్ల చప్పుడు. మేమంతా దేనికోసమో ఎదురుచూస్తున్నాం. అది రావాలనే చూస్తున్నాం. అది వస్తే మాకు జవాబు దొరుకుతుంది. మా అమ్మాయిని దారిలో ఎరగా కట్టి, చీకట్లోంచి ఏది బయటికొస్తుందా అని కూర్చున్నట్టుంది.

శ్రావ్య పరుగెత్తుతూనే నా వైపు తిరిగింది. ముఖం శుభ్రంగా ఉంది. చేతులు శుభ్రంగా ఉన్నాయి. పెదవులు ఎప్పటిలాగే ఉన్నాయి. నోరు తెరిచింది, మూసింది. ఆ పిల్ల అడగబోయేది నాకు తెలిసింది. చెప్పనా, వద్దా అని.

"చెప్పమ్మా," అన్నాను.

"వస్తోందమ్మా."

"ఆపండి," అన్నారు డాక్టరుగారు.

ఆమె పిల్ల చర్మం చూడలేదు. నాడి పట్టుకోలేదు. తెర మీద అంకెలు ఇంకా మారలేదు. పిల్ల మాట విని, ఆ క్షణంలోనే యంత్రం ఆపించారు. పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టించి, సూది చేతిలోకి తీసుకున్నారు. నర్సు మెడ దగ్గర చూసి, "ఇప్పుడు లేస్తున్నాయి మేడం," అనేసరికి మందు తొడలోకి వెళ్లిపోయింది. ఈసారి ముఖం మారలేదు. ఈల రాలేదు.

తర్వాత డాక్టరుగారు శ్రావ్య మంచం అంచున కూర్చుని చెప్పారు. "ఇది నీకు మాత్రమే వచ్చే మాట కాదు. ఈ జబ్బున్న చాలామంది, పెద్దవాళ్లు కూడా, ఒంటి మీద ఏమీ కనపడకముందే ఏదో కీడు జరగబోతోందంటారు. ఒంట్లో లోపల అప్పటికే మొదలై ఉంటుంది. అది జోస్యం కాదు, లక్షణం. నీకు దురద కన్నా ముందు అది వస్తుంది. అందరికీ అంత ముందుగా తెలియదు. తెలియగానే చెప్పాలి."

"చెబితే భయపడతారు," అంది శ్రావ్య.

"భయపడనీ. నువ్వు చెప్పు."

బడికి ఇచ్చే కాగితం ఆమే రాశారు. గోధుమ, పరుగు, సూది ఎక్కడుంచాలి, ఎలా వేయాలి అన్నవన్నీ కింద రాశారు. మొదటి వాక్యం ఇది: "ఈ అమ్మాయి తనకేదో అవబోతోందని చెబితే, ఏమీ కనపడకపోయినా, నమ్మండి." ప్రిన్సిపాలుగారి గదిలో టీచరు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. కౌన్సిలరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "మేము ఆగి చూద్దామన్నాం," అని అంతటితో ఆపారు. శ్రావ్య ఇప్పుడు అందరితో కలిసి కింది వరండాలోనే తింటోంది. భోజనం తర్వాత పీటీని ఉదయానికి మార్చారు. బాలమణి, "ఇగ ఉరుకుడు బంద్. నడువు బిడ్డా, మేడం కోప్పడితే నేను జెప్త," అంటోందట.

ఇది రాస్తున్నది 2025 ఏప్రిల్‌లో. మీ ఇంట్లో పిల్లలెవరికైనా కారణం తెలియని వాపులు వస్తూ ఉంటే, ఏం తిన్నారో రాయండి. తిన్నాక ఏం చేశారో, ఎక్కడున్నారో కూడా రాయండి. ఇంట్లో మీరంతట మీరు పరీక్షలు పెట్టకండి. పిల్ల చెప్పేది వింతగా ఉన్నా వినండి.

లెక్క ఇది.

పోయినవి: బడిరోజులు ఇరవైకి పైగా. రెండో తరగతి నాటి స్నేహం. నిఖిత ఇప్పుడు పలకరిస్తుంది, పక్కకు మాత్రం రాలేదు. ఇంట్లో గోధుమ. అత్తగారి ధీమా. పిల్ల మామూలుగా పిలిచినప్పుడు మామూలుగా పలికే అలవాటు నాకింకా రాలేదు.

ఉన్నవి: శ్రావ్య. ఆమె ముఖం. నింపిన సూదులు రెండు, ఒకటి బడిలో, ఒకటి ఆమె సంచిలో. శనివారం ఒంటిపూట, ఇప్పుడు బియ్యపురవ్వ ఉప్మాతో. మావారూ నేనూ మాట్లాడుకునే మాటలు, మునుపటికన్నా కొన్ని ఎక్కువ.

ఒకటి ఎటు వేయాలో మొదట తేల్చుకోలేకపోయాను. ఫిబ్రవరి 18, మంగళవారం, సైన్సు పీరియడ్‌లో శ్రావ్య లేచి నిలబడి, "మేడం, వస్తోందేమో," అంది. పాఠం ఆగింది. ఆమెను పడుకోబెట్టారు. టీచరు సూది చేతిలో పట్టుకుని, డాక్టరుగారికి ఫోన్ కలిపి, పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నారు. నలభై మంది పిల్లలు చప్పుడు చేయకుండా కూర్చున్నారు. ఏమీ రాలేదు. పొద్దున తిన్నది కూడా అన్నమే. పిల్లకు ఊరికే భయం వేసింది, అంతే. ఎవరూ విసుక్కోలేదు. ఎందుకు చెప్పావని ఎవరూ అడగలేదు. పావుగంట తర్వాత లేచి కూర్చుంటే, పాఠం ఆగిన చోటునుంచి మొదలైంది.

దాన్ని ఉన్నవాటిలో వేశాను.